తల దించుకుని నారాయణగూడ దాకా

కాశీ, రామేశ్వరం వెళ్లివచ్చినవారు యాత్రలు రాస్తారు. నేను అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ వెళ్లివచ్చాను. దూరం తక్కువే కాని, భయం మాత్రం రామేశ్వరానికి సరిపడా పడ్డాను.

గొడవల వల్ల కాలేజీలు మూతపడిన రోజులవి. ఆదివారాలు మా క్లాసు అమ్మాయిలం శకుంతల ఇంట్లో చేరి ప్రశ్నల ఆట ఆడేవాళ్లం. ప్రశ్నలు విమల అడిగేది: ఏ దేశానికి ఏది రాజధాని, ఏ నది ఎక్కడ పుట్టింది. ఎవరికీ తెలిసేవి కావు కనుక జవాబులూ విమలే చెప్పేది. నా వంతు మంచినీళ్లు అందించడం. పోయిన వారం ఏం పూనిందో, "ఈసారి ఆట నేను తయారుచేస్తాను" అనేశాను.

"మంచిగుంటే ఇగ ప్రతి ఐతారం నువ్వే నడుపు. లేకుంటే మల్ల గ్లాసులే," అంది విమల.

పుస్తకాలు అక్కర్లేని ఆట ఆలోచించాను. కాలేజీ ఉన్నప్పుడు మేమంతా రోజూ నడిచేది చిక్కడపల్లి రోడ్డే. ప్రశ్నలన్నీ ఆ రోడ్డు మీదే.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు బయల్దేరాను. "తల దించుకుని వెళ్లి, తల దించుకుని రా," అని అమ్మ ఎప్పటిలాగే సాగనంపింది. బస్సు అరగంట ఆలస్యం. పక్కన కూర్చున్న పెద్దావిడ, "యాడికి పోతున్నవ్ బిడ్డా, పరీక్షకా?" అంది, నా చెమట చూసి.

"ఆటకండీ."

"ఆటకు గింత పరేషానా?"

నారాయణగూడ చౌరస్తాలో దిగేసరికి మూడుంపావు. శకుంతల రెండు జట్లు చేసి సిద్ధంగా ఉంచింది. నేను మొదటి ప్రశ్న అడిగాను. పెదవులు కదిలాయట, మాట రాలేదట.

"జర గట్టిగ చెప్పవే!" అంది శకుంతల.

"చిక్కడపల్లి మిఠాయి కొట్టు ముందు పరిచిన షాబాదు బండల్లో పైకి లేచి ఉన్నది ఎన్నోది?"

జవాబూ నేనే చెప్పాల్సి వచ్చింది: మూడోది. ఇస్త్రీ బండి వెనక చక్రానికి ఏ రంగు? అదీ నేనే చెప్పాను: ఆకుపచ్చ. చౌరస్తాలో ఇరానీ హోటలు గడప దగ్గర నేల ఎలా ఉంటుంది?

"హోటల్ పేరడుగు, చెప్త. నేల ఎవరు చూస్తరే?" అంది విమల.

ఆ హోటలుకు పేరుంటుందని నాకప్పటిదాకా తట్టనే లేదు. నా మొహం చూసి శకుంతల పకపకా నవ్వింది. "ఏందే, నీ సవాళ్లన్నీ మోకాలి కిందనే ఉన్నయి! తొవ్వల తలకాయ లేపవా?"

ఇక ఆట నా మీదికి తిరిగింది. ఆ మిఠాయి కొట్టు పైఅంతస్తులో ఏముంది? తెలియదు. చౌరస్తాలో పెద్ద సినిమా బోర్డు మీద హీరోయిన్‌ది ఏ రంగు చీర? తెలియదు. "సరే, మా మేడ మీద ఏమున్నయి?" అంది శకుంతల. తెలియదు.

"కబూతరాలే! గంత గురగుర వినవడదా?"

వినబడుతుంది. పావురాలని తెలియక, అది వాళ్ల నాన్నగారి గురక అనుకుని, ఇన్నాళ్లూ ఆ ఇంట్లో మెల్లిగా మాట్లాడుతూ వచ్చాను. ఈ మాట పైకి అనేసరికి విమల నవ్వలేక గోడకు ఆనుకుంది. ఆ రోజే తొలిసారి నా గొంతు అందరికీ వినబడింది.

గ్లాసులు సర్దబోతుంటే విమల నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు కూసో. వచ్చే ఐతారం కూడా నువ్వే అడగాలె. కాని అన్నీ తలకాయ పైనివే."

సాయంత్రం బస్సు లేదు. నడిచాను, తల ఎత్తి. హీరోయిన్‌ది గులాబీరంగు చీర. హోటలు పేరు ఉర్దూలో ఉంది, నాకు చదవడం రాదు. గల్లా దగ్గరున్న ముసలాయన్ని అడిగాను. రోడ్డు మీద కొత్తవాళ్లను పలకరించడం నాకదే మొదలు. "మా అబ్బాజాన్ పేరమ్మా," అన్నాడాయన, బోర్డు చదివి వినిపించి, కాస్త గర్వంగా.

చిక్కడపల్లిలో మిఠాయి కొట్టు మీద దర్జీ దుకాణం ఉంది. కిటికీలో పసుపుపచ్చ పరికిణీ ఒకటి గాలికి ఊగుతోంది. దాన్ని చూస్తూ మూడో బండకు కాలు తన్నుకున్నాను.

ఇంటికి చేరేసరికి ఆరు దాటింది. బొటనవేలి నెత్తురు చూసి అమ్మ గుండెలు బాదుకుంది. "చూసుకుని నడవలేదుటే?"

"చూస్తూనే నడిచానమ్మా," అన్నాను.