కూడలిలో మిరపకోత బొమ్మ

మున్సిపాలిటీకి బొమ్మ చేసిపెట్టడం కంటే కాలవ తవ్వడం నయమని ఇప్పటికీ అంటుంటాను. కాలవకైతే వాళ్ళ ఎస్టిమేటులో ఒక పద్దు ఉంటుంది. బొమ్మకు ఉండదు.

ఎనభైల్లో నేను గుంటూరు బ్రాడీపేటలో షాపులకు బోర్డులు రాస్తూ, అడిగినవాళ్ళకు సిమెంటు బొమ్మలు చేసేవాణ్ణి. ఆ చుట్టుపక్కల ఒక చిన్న మున్సిపాలిటీ వాళ్ళు, ఊరి మొదట్లో బస్సులు తిరిగే కూడలిలో మిరపకాయలు కోసే ఆడమనిషి బొమ్మ పెట్టాలని తీర్మానం చేసి నన్ను పిలిచారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, తీర్మానం అయింది గానీ బొమ్మ పేరుతో డబ్బు ఇచ్చే దారి లేదన్నారు ఆఫీసులో. చివరికి 'కూడలి అభివృద్ధి' అని రాశారు. రిజిస్టరైన కాంట్రాక్టరే టెండరు వెయ్యాలి కాబట్టి, మురుగుకాలవలు కట్టే ఒకాయన పేరు మీద పని వచ్చింది. కాగితాల్లో నేను ఆయన దగ్గర తాపీమేస్త్రిని. ఇంజనీరు గారు సిమెంటు, కంకర, ఇనపచువ్వలు అన్నీ లెక్క వేసుకుని, "మరి మొహాన్ని ఏ పద్దులో చూపించమంటారండీ?" అని నన్నే అడిగారు. అప్పటికి నవ్వాను.

ఆ మొహం మా అమ్మది. నేను పొత్తిళ్ళలో ఉండగానే నాయన పోయాడు. మిరపకోతల కూలితోనే అమ్మ నన్ను పెంచింది. కోతల రోజుల్లో ఇంటికొచ్చాక, మంట చల్లారేదాకా చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది. ఊరికి గుర్తుగా ఎవరో ఒకరు నిలబడాలంటే ఆమే నిలబడాలనిపించింది నాకు, ఉన్నది ఉన్నట్టుగా. అమ్మను ఎండలో నిలబెట్టి ముందు మట్టితో చేశాను.

"ఏరా, ఇంకెంతసేపు? ఈపాటికి చేలో అయితే రెండు సాళ్ళు కోసేసేదాన్ని," అని సణిగేది.

మొహంలో ముడతలన్నీ దింపాను. నుదురు బోసిగానే ఉంచాను, నాకు తెలిసిన అమ్మ నుదురు అదే. అయ్యాక చూపిస్తే, ఆ మట్టి నుదుటి మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసుకుంది.

ఆ మట్టి నమూనా మీదుగా సిమెంటు బొమ్మ కూడలిలో లేచింది. గోనెపట్టాలు చుట్టి మంత్రిగారి తేదీ కోసం కూర్చున్నారు. తేదీ రావడం, వాయిదా పడడం. ఈలోగా కోతలు కూడా అయిపోయి కాయలు గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళిపోయాయి. అమ్మ ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా చూసి వచ్చి, "మిరపకాయలకు కట్టినట్టు గోతంలో కట్టారేందిరా నన్ను?" అనేది. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నాకే విసుగొచ్చింది.

ఎట్టకేలకు తేదీ ఖాయమయ్యాక చైర్మన్ గారు కబురు పెట్టారు. కాఫీ ఇప్పించి, నెమ్మదిగానే అడిగారు: "ఊళ్ళోకొచ్చే ప్రతివాడికీ బొట్టులేని మనిషి ఎదురొస్తే బాగుంటుందంటారా?"

"ఆమె అంతేనండీ," అన్నాను.

ఆయన వాదించలేదు. వాదించాల్సిన అవసరం ఏముంది, బొమ్మ వాళ్ళదాయె.

ఆ రోజు అమ్మ ఉతికిన చీర కట్టుకుని నాతో వచ్చింది. మంత్రిగారు తాడు లాగారు. పట్టా జారింది. ఎనామిల్ పెయింటుతో నిగనిగలాడుతూ ఎర్రచీర, చేతులనిండా పచ్చగాజులు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పడ్డదంతా ఒక్క రంగు డబ్బాతో కప్పేశారు.

"జనం పోనీ అమ్మా, ఆ బొట్టూ గాజులూ గీకి పారేస్తాను," అన్నాను. గీకుడు రేకు సంచిలోనే ఉంది.

అమ్మ తలెత్తి బొమ్మను చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గీకమాకురా," అంది. "మీ నాయన ఉన్నప్పుడు నేనిట్టానే ఉండేదాన్ని. నువ్వు చూళ్ళేదుగా."

ఆ తర్వాత ఏ మంత్రి వచ్చినా బొమ్మకు కొత్తరంగు వేశారు. నేను దింపిన ముడతలన్నీ పెయింటు కింద పూడిపోయాయి. అమ్మ మాత్రం, ఉన్నన్నాళ్ళూ, ఎక్కడికి వెళ్ళాలన్నా ఆ కూడలి మీదుగా పోయే బస్సే ఎక్కేది.