సీటు సందులో ఫ్రెంచ్ ఫ్రై

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి అయిందంటే కారు ఇంటికి పోయేది కాదు. తిన్నగా వెళ్ళి బర్గర్ల కొట్టు డ్రైవ్ త్రూ వరసలో నిలబడేది.

బయట కెనడాలో మా ఏజాక్స్ ఊరి చలి... లోపల హీటరు... అద్దాలన్నీ ఆవిరి. వెనక సీట్లో నేనూ అన్నయ్యా. నాన్న వారమంతా గోడౌన్‌లో రాత్రి డ్యూటీ చేసేవారు. మాతో కలిసి తినేది ఆ ఒక్క పూటే. కాగితం సంచీ చేతికి రాగానే ఫ్రైస్ మాకు పంచి, అడుగున మిగిలిన మాడు ముక్కలు తను తినేవారు. అవే రుచి అనేవారు.

అమ్మకి మాత్రం ఆ కొట్టు మీద మొదట్నుంచీ అనుమానమే. గొడ్డుమాంసం ముట్టదు కాబట్టి చేప బర్గర్ చెప్పించేది. అది వచ్చాక బన్ను విప్పి, వాసన చూసి, వేలితో నొక్కి...

"ఇది చేపంటారా? ముల్లేదీ?"

"ముల్లు తీసేసి వేయిస్తారే."

"ఒక్కటైనా మిగలదూ? కాకినాడలో పుట్టినదాన్ని, నాకు చెప్తారా చేప సంగతి!"

అంటూనే హ్యాండ్‌బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసి ఆ బన్నుకి ఆవకాయ పూసేది. సగం తిని, "ఏం కలిపి చచ్చారో" అంటూ మిగతాది నాకిచ్చేది. నేను చూస్తూ కూర్చునేది ఆ సగం కోసమే!

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఆ కొట్ల వైపు వెళ్ళను. అమ్మ అనుమానం మాత్రం నాకే వచ్చినట్టుంది... వెనక రాసిందంతా చదవందే పెరుగు డబ్బా కూడా కొనను.

అమ్మా నాన్నా నా దగ్గరే ఉంటారు. నాన్నకి షుగర్ అని డాక్టర్ చెప్పిన రోజునే వంటిల్లు నా చేతిలోకి తీసుకున్నాను. తెల్లన్నం బంద్. కొర్రన్నం, జొన్నరొట్టె, ఆకుకూరలు. పంచదార డబ్బా చెత్తబుట్టలోకి పోయింది. దాని బదులు పొద్దున్నే బెల్లం వేసిన రాగిజావ, సాయంత్రం ఖర్జూరం లడ్డు. బెల్లం ఒంటికి మంచిదేగా అని ధారాళంగా వేసేదాన్ని.

మూడు నెలలకి రక్తపరీక్ష చేయిస్తే షుగర్ తగ్గలేదు సరికదా, పెరిగింది! ఇలాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టాలన్నారు.

నా వంటలో తప్పుంటుందని కలలో కూడా అనుకోలేదు. మరి ఎక్కడ? ఆదివారం చర్చి నుంచి వీళ్ళిద్దరూ గంట ఆలస్యంగా ఎందుకొస్తున్నారు? నాన్న కోటు వాసన చూశాను. కారంతా వెతికాను. సీటు సందులో ఎండిపోయిన ఫ్రెంచ్ ఫ్రై ఒకటి! దొంగ దొరికాడనుకున్నాను.

"నాన్నా, నిజం చెప్పు. ఎన్నాళ్ళ నుంచి?"

"నేను తినలేదమ్మా."

"మరి ఇది నడిచొచ్చిందా?"

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక కాపలా మొదలు. కారు తాళాలు నా దగ్గరే పెట్టుకున్నాను. ఒకసారి చర్చి భోజనాల్లో, అంకుల్స్, ఆంటీలు అందరూ చూస్తుండగా నాన్న చేతిలో ప్లేటు లాగేసుకున్నాను. ఆయన వాళ్ళ వైపు చూసి, ఏదో సర్దిచెబుతున్నట్టు నవ్వారు... అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు.

పోయిన నెల ఇద్దర్నీ డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను... నాన్న మీద ఫిర్యాదు చెయ్యడానికే! ఆవిడ అంతా విని, పొద్దున లేచింది మొదలు ఏం తింటారో ఒక్కొక్కటే అడిగింది. బెల్లం దగ్గర ఆగింది. షుగర్ విషయంలో పంచదారైనా బెల్లమైనా ఒకటేనని, రోజూ అన్ని ఖర్జూరాలు కూడా పనికిరావని నెమ్మదిగా చెప్పింది. నేను తలెత్తలేకపోయాను.

బయటికొచ్చాక అమ్మ నసిగింది. "ఆ ఫ్రై నాదేనే... తినాలనిపించి నేనే ఆపమనేదాన్ని. మీ నాన్న ఒక్కటి ముట్టలేదు. నన్ను తిడతావని నీకు చెప్పనివ్వలేదు."

"జావ అంత తియ్యగా ఉందని నువ్వైనా చెప్పొచ్చుగా నాన్నా?"

"ఆఫీసుకి పరిగెడుతూ కాస్తావు కదమ్మా. వద్దంటే చిన్నబుచ్చుకుంటావని తాగేశాను."

పార్కింగ్‌లోనే నిలబడి ఏడ్చాను.

బెల్లం మానేశాం. షుగర్ దిగుతోంది. తాళాలు ఇచ్చేశాను. సారీ చెప్పినప్పుడల్లా "పోనీలేమ్మా" అంటారు. కానీ ఇప్పటికీ ఏది వడ్డించుకోబోయినా నాన్న చెయ్యి గరిటె మీద ఆగుతుంది... ముందు నా మొహం చూస్తారు.

ఆ రోజుల్లో మేం తిన్నది మంచి తిండి కాదు, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు నాన్న ఎవరి మొహమూ చూడకుండా తినేవారు...

ప్రేమ పేరు చెప్పి మీరూ ఎవరి కంచంలోకైనా ఇలా తొంగి చూశారా? చూసుంటే రాయండి. నాన్న చేత ఆ చూపు ఎలా మాన్పించాలో తెలిసినవాళ్ళుంటే, ముందు అది చెప్పండి...