ముగ్గు లేని గుమ్మం

అప్పలలక్ష్మి రోజూ బెంగాల్ రాజధానిలోని వాట్‌గంజ్ పేట నుంచి రెండు బస్సులు మారి న్యూటౌన్‌లోని ఖరీదైన అపార్ట్‌మెంట్లకు పనికి వస్తుంది. అక్కడ మూడు తెలుగు కుటుంబాల గుమ్మాల ముందు తుడిచి ముగ్గేస్తుంది. ఇంటివాళ్లు ఊరెళితే మాత్రం వెయ్యదు. మనిషి లేని గుమ్మానికి ముగ్గెందుకని ఆమె పట్టుదల.

రెండు నెలల్లో అలా ఊరెళ్లిన రెండిళ్లలో దొంగలు పడ్డారు. గోడనిండా కెమెరాలు పెట్టుకున్న పెద్దమనుషులు ముందు వెతికింది ఆమె సంచినే. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఈ ఉదయం నాలుగో అంతస్తులోని మూడో ఇంటివాళ్లూ విశాఖ వెళ్లారు. మధ్యాహ్నం ఆమె బయల్దేరుతుంటే, పనివాళ్ల గేటు దగ్గర కాపలా ఉండే ధనుంజయ్ ఆపాడు. వాట్‌గంజ్‌లో పక్కింటివాడే. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆమే.

"పిన్నీ, ఇయ్యేల నాలుగో అంతస్తులో ముగ్గెయ్యనేదేటి?"

మిగతా కాపలావాళ్లంతా బెంగాలీలు. ముగ్గు లేకపోతే ఇంట్లో మనిషి లేనట్టని వాళ్లకు తెలియదు. ఇతనికి తెలుసు. దొంగలు పడింది ముగ్గు లేని రోజుల్లోనే.

"మర్సిపోనాన్రా. ఏసొస్తానుండు."

పైకెళ్లి, తాళం వేసిన తలుపు ముందు కూర్చుని ముగ్గు మొదలుపెట్టింది. వెనక లిఫ్టు తెరుచుకుంది.

"ఎప్పుడూ తిన్నగా ఏత్తావు గదా పిన్నీ," అన్నాడు ధనుంజయ్ నెమ్మదిగా. "ఇయ్యేల గీత వంకర పోనాదేటి?"