అమావాస్యకు ఒక రోజు తప్పిన పాట

జనవరి పదిహేడు, శుక్రవారం, ఉదయం ఐదూ నలభై. నంద్యాలలో మా వంటింట్లో పాలు కాగుతుండగా, మనవరాలు తన ఇయర్‌ఫోను ఒకటి తీసి నా చెవిలో పెట్టింది. ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారు. ఆ అరుపుకు చెవి సర్దుకునేలోపే పాట అయిపోయింది. ఫోనులో నిడివి చూశాను. ఒక నిమిషం పన్నెండు సెకండ్లు.

"సగంలోనే ఆపేసినారే," అన్నాను.

"చెప్పాల్సింది అయిపోయిందవ్వా. ఇంక సాగదీసేదెందుకు?"

కొత్త పాటలు శుక్రవారమే విడుదలవుతాయట. ఆ వారం నుంచి పంక్ సంగీతంలో కొత్తగా ఏమొచ్చినా తను వినిపించడం, నేను నోటుబుక్కులో రాయడం అలవాటైంది. పాట నిడివి, నిమిషానికి ఎన్ని డ్రమ్ము దెబ్బలు, మళ్ళీ వినాలా వద్దా. హార్డ్‌కోర్ అనే వట్టి అరుపుల రకానికి దెబ్బలు లెక్కపెట్టడం కష్టం, వేలు నొప్పి పుట్టేది. మెలోడిక్ రకంలో రాగం ఉంటుంది. నలుగురూ గొంతు కలిపే చోట మా చర్చిలో పల్లవి అందుకున్నట్టే ఉంటుంది. ముప్పై మూడేళ్ళు లెక్కల టీచరుగా చేసినదాన్ని, ఇవి మాత్రం రెండోసారి కూడా అడిగి వినేదాన్ని.

మనవరాలు ఆదివారం ఆరాధనలో డ్రమ్ములు వాయిస్తుంది. ఆళ్ళగడ్డ నుంచి కాలేజీకి వచ్చే స్నేహితురాలు గిటారు వాయిస్తుంది, పాడుతుంది. ఇద్దరూ కలిసి నాలుగు పాటలు కట్టారు. మూడు పొట్టివి, ఒకటి మెలోడిక్. ఆ నాలుగోది రెండు నిమిషాల యాభై సెకండ్లు. ఆ అమ్మాయి తండ్రి శిల్పి. ఇంటికొచ్చాక కూడా ఆయన కనురెప్పల మీద మిగిలే రాతిపొడి గురించి రాసుకున్న పాట అది. ఆ అమ్మాయికి బెంగళూరులో ల్యాబు ఉద్యోగం వచ్చింది, జులై ఇరవై ఆరు ఉదయం ప్రయాణం. పాటలు నాలుగూ అంతకుముందే రికార్డు కావాలి.

ఆ అరుపులకు చోటిచ్చేవారు నంద్యాలలో దొరకలేదు. ఆళ్ళగడ్డలో ఊరి బయట వాళ్ళ నాయన శిల్పాల షెడ్డు ఉంది. శిల్పులు అమావాస్య నాడు ఉలి ముట్టరు, ఆ రోజంతా షెడ్డు మనదే అని ఆ అమ్మాయి చెప్పింది. అమావాస్య ఏ తేదీ అని మనవరాలు నన్నడిగింది. మా గోడకు వేలాడేది చర్చి క్యాలెండరు. అందులో వాక్యాలుంటాయి, తిథులుండవు. పోయిన అమావాస్య జూన్ ఇరవై ఐదని గుర్తుంది. ముప్పై కలిపి జులై ఇరవై ఐదు, శుక్రవారం అన్నాను. పక్కింటి క్యాలెండరు చూడవచ్చు. లెక్కలు చెప్పినదానికి అదెందుకనుకున్నాను.

గురువారం సాయంత్రం మనవరాలు పరీక్ష రాసి బయటికొచ్చేసరికి ఫోనులో స్నేహితురాలివి పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అమావాస్య ఆ రోజే. చంద్రుడికి ఇరవై తొమ్మిదిన్నర రోజులని పిల్లలకు నేనే చెప్పేదాన్ని. మనవరాలు నన్ను తప్పుపట్టకుండా మర్నాటికి ఆటో మాట్లాడుకుంది. అది ఇంకా బాధగా ఉండింది.

శుక్రవారం చర్చి డ్రమ్ములు ట్రాలీ ఆటోలో వేసుకుని బయలుదేరాం. నేనూ వెళ్ళాను, తప్పు నాది కాబట్టి. షెడ్డులో పదిమంది రాయి చెక్కుతున్నారు. ఆ మోతలో మా మాట మాకే వినిపించలేదు. ఆ అమ్మాయి తండ్రిని బయటికి పిలిచి, జరిగింది దాచకుండా చెప్పాను.

"నిన్నంతా మా పాప గిటారు పెట్టుకోని ఆ గుమ్మం కాడనే కూచున్న్యాదమ్మా," అన్నాడాయన. "విగ్రహం ఆదివారం పోవాల, పని ఆపలేను. ఒంటిగంటకు బువ్వకు లేస్తారు. ఆ గంట మీది. రెండైతే ఉలి పడతాది. మా పాప అడిగినా నేను పని ఆపమనను."

గంటలో నాలుగు పాటలు. మొత్తం నిడివి కూడితే ఆరు నిమిషాల ముప్పై ఎనిమిది సెకండ్లే. మొదటిసారి వాటి పొట్టితనానికి సంతోషించాను. పొట్టివి ముందు కానివ్వండి అని సలహా ఇచ్చింది కూడా నేనే.

మొదటి రెండూ త్వరగానే కుదిరాయి. మూడోది ఏడుసార్లు తప్పింది. మనవరాలి చేతిలో రెండు కర్రలు విరిగాయి. నాలుగోది మొదలుపెట్టేసరికి ఒంటిగంట యాభై ఎనిమిది నిమిషాల ముప్పై సెకండ్లు. చేతులు కడుక్కుని వచ్చిన శిల్పులు గోడ వెంట వరసగా నిలబడ్డారు. తండ్రి గుమ్మంలో ఉన్నాడు. కూతురు అరవకుండా పాడటం ఆయన ఎప్పుడూ విననట్టుంది. రాతిపొడి మాట వచ్చినప్పుడు భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

సరిగ్గా రెండింటికి, షెడ్డు వెనక నుంచి ఉలి దెబ్బ వినిపించింది. ఎవరో వృద్ధుడు, చెప్పిన వేళకు పనిలో దిగాడు. ఆ అమ్మాయి గిటారు తీగల మీద అరచెయ్యి ఆనించింది.

"ఆపమని చెప్పు నాయనా" అని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. ఆయనే దగ్గరికొచ్చి, "మిగతాది ఏముందో నాకు చెప్పు పాపా," అన్నాడు. వాళ్ళిద్దరూ బయట రాళ్ళ మధ్య కూర్చున్నారు. మేము డ్రమ్ములు విప్పుకున్నాం.

ఆగస్టు ఎనిమిది, శుక్రవారం, మూడు పాటలు విడుదలయ్యాయి. నోటుబుక్కులో మిగతా పాటల వరసలోనే రాశాను. మూడూ కలిపి మూడు నిమిషాల నలభై ఎనిమిది సెకండ్లు.

పోయినవి: ఒక పాటలో ఒక నిమిషం ఇరవై సెకండ్లు. రెండు డ్రమ్ము కర్రలు. ఒక గురువారం.