మందు తాగిండు

జమున చేసే పనేమిటో నాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. ముప్పై నాలుగేళ్లు జఫర్‌గఢ్ బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. అర్థం కాలేదని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. అందుకని ఆ మూడు నెలలూ అన్నీ తెలిసినట్టే తల ఊపుతూ వచ్చాను.

జనగామలో టైలర్ షాపు మీద రెండు గదుల్లో ఒక చిన్న సేవాసంస్థ నడిచేది. ఊళ్లల్లో, తండాల్లో తిరిగే ఆశా కార్యకర్తల కోసం ఫోన్లో ఒక వైద్య పుస్తకం తయారు చేసేది. జ్వరమొస్తే ఏం చేయాలి, పాము కరిస్తే ఏం చేయాలి, ఇలాంటివి ఆరువందల పేజీలు. డాక్టర్లు ఇంగ్లీషులో ఇచ్చింది తెలుగులో రాయడం నా పని. ఎవరైనా ఒక మాట కొట్టి వెతికితే, వాళ్లకు కావలసిన పేజీ పైకి వచ్చేట్టు చూడటం జమున పని.

జమున మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల. తండ్రి మంగ్యా మిర్చి ఏరడానికి కూలికి పోయేవాడు. ఈమె గురుకులంలో చదివి, హన్మకొండలో కంప్యూటర్ డిగ్రీ చేసి, హైదరాబాదులో రెండేళ్లు ఉద్యోగం చేసింది. ఆ కంపెనీ ఒక సోమవారం పొద్దున సగం మందిని ఇంటికి పొమ్మంటే వచ్చేసింది. ఇరవై ఆరేళ్లు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. ఆ కుందేలును తెచ్చి బల్ల మీద పెట్టి కాళ్లు లెక్కపెట్టించే రకం ఆమె.

ఆమె వాడే సాధనాన్ని లైబ్రరీ అంటారట. పుస్తకాల లైబ్రరీ కాదు, ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. దాన్ని మన పనికి తగ్గట్టు సర్దుకోవాలి. నేను ఉత్తుత్తినే తల ఊపుతున్నానని కనిపెట్టి, ఒకనాడు కూర్చోబెట్టి చెప్పింది.

“సార్, ఎవలన్న ఒక మాట కొడితె, అది అన్ని పేజీలల్ల ఆ మాట యాడున్నదో సూస్తది. పేజీ పేరుల ఉంటె పది మార్కులు. లోపట ఉంటె ఒక్క మార్కు. ఎక్కువ మార్కులొచ్చిన పేజీ మీదికొస్తది. దేనికి ఎన్ని మార్కులు ఇయ్యాలెనో జెప్పుడే నా పని.”

“అంటే పేపర్లు దిద్దడం,” అన్నాను.

“గంతే సార్. కాని మనం దిద్దేటప్పుడు పరీక్ష రాసినోళ్లు మన ముంగట ఉండరు.”

ఇంకో ఏర్పాటు కూడా చేసింది. ఎక్కువమంది తెరిచి చదివిన పేజీకి అదనంగా మార్కులు పడతాయి. పదిమంది అడిగేదే పదకొండోవాళ్లూ అడుగుతారని లెక్క. నాకూ సబబుగానే తోచింది.

తాగి పడిపోయినవాణ్ణి ఎలా చూసుకోవాలో చెప్పే పేజీ ఒకటుంది. దానికి ‘మద్యం సేవించిన వ్యక్తి సంరక్షణ’ అని పేరు పెట్టాను. జమున ఒప్పుకోలేదు.

“మద్యమంటె మా యాడికి సమజ్ గాదు సార్. సేవించుడంటె దేవుని సేవ అనుకుంటది. మందు తాగిన మనిషి అని రాయిండ్రి.” యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

నా పాండిత్యం కాస్త చిన్నబుచ్చుకుంది గాని, ఆమె చెప్పిందే నిజం. మార్చాను. నెల తిరక్కుండా మొత్తం పుస్తకంలో అందరూ ఎక్కువగా చదివే పేజీ అదే అయింది. మన ఊళ్ల సంగతి తెలిసిందేగా. చదివినకొద్దీ దానికి మార్కులు, మార్కులొచ్చినకొద్దీ అదే పైన. మేమిద్దరం టీ తెప్పించుకుని సంబరపడ్డాం కూడా. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

చేలల్లో కొట్టే విషపు మందుల గురించీ ఒక పేజీ ఉంది. దాని పేరు ‘క్రిమిసంహారకాలు, కలుపునాశినులు: విషప్రభావ చికిత్స’. మొదట్లో, పదవీ విరమణ పొగరు ఇంకా దిగనప్పుడు రాసింది. దాన్ని కూడా మామూలు మాటల్లోకి మారుద్దామని జమున రెండుసార్లు గుర్తుచేసింది. వచ్చే వారం చూద్దామన్నాను.

వారంలో ఎవరెవరు ఏ మాటలు వెతికారో మంగళవారం పొద్దున చూడటం జమునకు అలవాటు. ఆ మంగళవారం నేను మెట్లెక్కి వచ్చేసరికి, కుర్చీ పక్కకు తోసేసి కంప్యూటర్ ముందు నిలబడి ఉంది.

“సార్, గిది సదువుండ్రి,” అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఒకే ఫోను నుంచి వచ్చిన మాటలవి. రేగొండ దగ్గరి ఒక తండాలో జమ్లీ అనే ఆశా కార్యకర్త ఫోను. ఆదివారం సాయంత్రం నాలుగు పన్నెండుకు, మందు తాగిండు. నాలుగు పదమూడుకు, మందు తాగిండు ఏం జెయ్యాలె. నాలుగున్నరకు, గడ్డి మందు తాగిండు. ఆ తర్వాత రాత్రంతా ఏమీ లేదు. సోమవారం పొద్దున ఆరింటికి, నోట్లె పుండ్లు. ఆరుంబావుకు, మింగస్తలేదు.

గడ్డి మందంటే కలుపు మొక్కల మీద కొట్టే విషం. ఆదివారం ఆమె వెతికిన మూడుసార్లూ పైన వచ్చింది మాత్రం ఒకటే పేజీ. ‘మందు తాగిన మనిషి.’ నేను రాసిందే, నాకు కంఠతా వచ్చు. మందు తాగిన మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కొద్దికొద్దిగా మంచినీళ్లు తాగించండి. నిద్రపోనివ్వండి. తెల్లారేసరికి మామూలు మనిషవుతాడు.

విషం పేజీ తొమ్మిదో స్థానంలో ఉంది. ఫోన్ తెర మీద కనబడేవి అయిదే. అందులో మందు అన్న మాట విడిగా ఎక్కడా లేదు. ఉన్న ఒక్కచోటా పురుగుమందు అని సమాసం చేసి పెట్టాను. కలిపి రాస్తే ఆ యంత్రానికి అది వేరే మాట. వ్యాకరణం ప్రకారం నాది తప్పు కాదు.

జమున జమ్లీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“గడ్డి మందే చెల్లె,” అంది జమ్లీ. “మా తండల బీక్యా లేడా, చేన్ల కొట్టంగ మిగిలింది క్వాటర్ సీసల వోసి గుడిసెల పెట్టిండు. ఆదివారం తాగే సీస అనుకోని గదే ఎత్తుకున్నడు. వెంటనే తుపుక్కున ఊంచిండు. ఒక్క బుక్క లోపటికి పోయింది. మనిషి మంచిగనే ఉండె, నవ్వుకుంట మాట్లాడవట్టె. ఎందుకైన మంచిదని మీ పుస్తకం సూసిన. పండవెట్టిన, నీళ్లు తాపిన. తెల్లారి సూస్తె నోరంత పుండ్లు.”

“దవాఖానకు ఎప్పుడు తీస్కపోయిండ్రు అక్క?”

“సోమారం పగటీలి, పన్నెండు గొట్టినంక. భూపాలపల్లిల ఉన్నడు. ఫోన్ల ఉన్నట్టే జేసిన చెల్లె. ఒక్కటి గూడ తప్పలె,” అంది.

జమున అలాగే నేల మీద కూర్చుండిపోయింది. పేజీలు సరిచూసే మా డాక్టరుకు ఫోన్ చేశాను. ఏ మందు, ఎప్పుడు, అని రెండే ప్రశ్నలు అడిగాడు. జమ్లీని అడిగి, డబ్బా మీదున్న పేరు, తాగిన వేళ చెప్పాను.

“దానికి విరుగుడు లేదు సార్,” అన్నాడు. “మొదటి గంటలో వస్తే కొంత చేసి చూడొచ్చు. మనిషి నాలుగైదు రోజులు బాగానే మాట్లాడుతుంటాడు. లోపల కిడ్నీలు, ఊపిరితిత్తులు పోతుంటాయి. బతికినవాళ్లూ ఉన్నారు. చాలా తక్కువ.”

ఆ చివరి రెండు ముక్కల్లో మొదటిదాన్నే మేం పట్టుకున్నాం. జమున లేచి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇప్పుడెందుకమ్మా అన్నాను. “ఇంకో తండల ఇంకెవలన్న వెతుకుతుండొచ్చు సార్ గిప్పుడు,” అంది. నిజమే. ఆ క్షణంలో ఇంకో పదిమంది జమ్లీలు అదే పేజీ చదువుతున్నట్టు నాకు కళ్లకు కట్టింది.

ఎక్కువమంది చదివిన పేజీకి ఇచ్చే మార్కులన్నీ తీసి సున్నా చేసింది. గడ్డి మందు, గడ్డిమందు, పురుగుల మందు, ఎండ్రిన్, మందు, అన్నీ ఒకటే అని యంత్రానికి నేర్పింది. విషం పేజీకి వందకు వంద మార్కులు వేసింది. సాయంత్రం దాకా నలభై రకాలుగా కొట్టి చూసింది. అక్షరాలు తప్పుతుంటే చెరిపి మళ్లీ కొట్టింది. అన్నం తినలేదు. “బీక్యా అన్న బతకాలె సార్,” అని మాత్రం అప్పుడప్పుడు అంటూ ఉంది, నేనేదో కాదన్నట్టు.

నేను పేజీ మళ్లీ రాశాను. గడ్డిమందు ఒక్క బుక్క మింగినా ప్రాణం పోతుంది. మనిషి బాగానే కనబడతాడు, నమ్మి మోసపోవద్దు. దీనికి విరుగుడు లేదు. మొదటి గంట దాటితే డాక్టర్లు కూడా చేయగలిగింది తక్కువ. ఏ పనున్నా వదిలేసి వెంటనే దవాఖానకు తీసుకుపోండి. ఒక్క సమాసం లేదు. అయిదో తరగతి చదివినవాళ్లకూ అర్థమవుతుంది. నా జన్మలో అంత మంచి తెలుగు రాయలేదనుకున్నాను, ఆ దుఃఖంలోనూ.

బుధవారం పొద్దున ఇద్దరం భూపాలపల్లి బస్సెక్కాం. నేను వద్దన్నాను, డాక్టర్లు చూసుకుంటారు, తప్పు మనదని నువ్వు చెప్పి ఏం లాభం అన్నాను. వినలేదు.

బీక్యా మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ముప్పై రెండు ముప్పై మూడేళ్లుంటాయి. పెదాలు పుండ్లు పడ్డాయి, గొంతు గరగరలాడుతోంది, కాని మనిషి నవ్వుతున్నాడు. వరంగల్ పెద్దదవాఖానకు రాసిచ్చారట, మధ్యాహ్నం బండి వస్తుందట. భార్య చాందీ కొబ్బరినీళ్లు తేవడానికి కిందికి వెళ్లింది. జమ్లీ మంచం పక్కన నిలబడి ఉంది. రెండు రోజులుగా తండాలో అందరూ ఆమెనే అంటున్నారట, పండబెట్టి ఆలస్యం చేసింది నువ్వేనని.

జమున మంచం పట్టీ పట్టుకుని నిలబడి, వాళ్ల భాషలో చెప్పింది. చాలాసేపు చెప్పింది. నాకు అర్థమైన మాట మందు ఒక్కటే. మధ్యలో చెయ్యి తన గుండె మీద పెట్టుకుంది, తర్వాత జమ్లీ వైపు చూపి కాదన్నట్టు ఊపింది. జమ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పేజీ రాసింది నేనేనని నేనూ చెప్పాను. ఎంత నీరసంగా చెప్పానంటే ఎవరూ విన్నట్టు లేదు.

బీక్యా నాకూ అర్థం కావాలని తెలుగులో అడిగాడు. “మరి గిప్పుడు సరిగ్గ వస్తదా చెల్లె?”

“వస్తదన్న. అన్నిటికంటె మీద వస్తది.”

“ఏది, సూపెట్టు. నేను టెన్త్ పాసైన, సదువుత.”

జమున ఫోను చేతిలోనే ఉంది. కాని ఆమె చెయ్యి కదల్లేదు. అప్పటిగ్గాని నాకు తట్టలేదు, ఆ పేజీలో ఏముందో. “తర్వాత చూద్దాంలే నాయనా, పడుకో,” అన్నాను. ఈలోపల పాపం జమ్లీ, నింద తీరిన సంతోషంలో, తన ఫోను తీసి అతని చేతికిచ్చింది.

అతను ఒంటి వేలితో కొట్టాడు. గడ్డి మందు తాగిండు. జమున చెప్పినట్టే పేజీ అన్నిటికంటే పైన వచ్చింది. పెదాలు కదుపుతూ, వేలు జరుపుతూ చదివాడు. ఒకచోట వేలు ఆగింది. మళ్లీ మొదటికి పోయి ఇంకోసారి చదివాడు.

“మంచిగ రాసిండ్రు సార్,” అన్నాడు నాతో. “ఎవలకైన సమజైతది.”

నేను అతని మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను. జమున మంచం పట్టీ వదల్లేదు.

“మా చాందీకి సదువు రాదు,” అన్నాడు ఫోను జమ్లీకి ఇవ్వబోతూ. “అడిగితె గిది సదివి ఇనిపియ్యకుండ్రి.”

చాందీ కొబ్బరిబోండం పట్టుకుని వచ్చింది. మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఫోన్ల ఏం సదువుతున్నవని మొగుణ్ణి అడిగింది.

“వరంగల్ల పెద్ద పెద్ద డాక్టర్లు ఉన్నరంట,” అన్నాడు బీక్యా. “గదే సదువుతున్న.”