కింద పండవెట్టుండ్రి

లాల్‌గడి మలక్‌పేట్‌లో ఎవరికైనా ఆఖరి ఘడియలు వచ్చాయంటే డాక్టరు కంటే ముందు బాలనర్సమ్మకు కబురు వెళ్లేది. ఆమె వచ్చి అరికాళ్లు తాకి చూసి, "సల్లవడ్డయ్. ఇగ కింద పండవెట్టుండ్రి" అనేది. మంచం మీద ప్రాణం పోకూడదు గదా! మనిషిని నేల మీదికి దించి వెల్లకిలా పడుకోబెట్టేవారు. ఆ తర్వాత ఎంతోసేపు పట్టేది కాదు. ఆమె మాట తప్పదని ఊరంతా అనుకునేది. ఆ పేరు ఆమెకూ ఇష్టమే, దాచడమెందుకు. కొత్త ప్లాట్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు మాత్రం ఆమె ఎదురొస్తే పిల్లలను లోపలికి పిలుచుకునేవారు.

అలాంటి బాలనర్సమ్మకే గుండె నీరసించింది. కాళ్లు ఉబ్బాయి. నడుం వాల్చిందంటే చాలు, ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఊపిరి అందేది కాదు. షామీర్‌పేట నుంచి ఇళ్లకు వచ్చి చూసే నర్సు తేజస్వి మంచం తలవైపు ఇటుకలు పెట్టించింది, వీపు వెనక దిండ్లు పేర్చింది, ఆవకాయ జాడీని అటకెక్కించింది. జబ్బు పూర్తిగా పోదని, ఉన్నన్నాళ్లూ సుఖంగా ఊపిరి తీసుకునేలా చూసుకుందామని ఉన్నమాట చెప్పింది. ఆవకాయ సంగతికి బాలనర్సమ్మ ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టింది గానీ, కూర్చునే హాయిగా నిద్రపట్టిన మర్నాడు చేతులెత్తి మొక్కింది.

"సాపుగ పండుకుంటె ఏమైతది బిడ్డా?" అని ఒక మధ్యాహ్నం అడిగింది.

"ఊపిరితిత్తులకు నీళ్లెక్కుతయ్ అవ్వా. గాలాడదు. ఎంత ఆయాసమొచ్చినా నిన్ను కూసోవెట్టాలె గని పండవెట్టొద్దు. కావ్యక్కా, నువ్వు గుడ యాదివెట్టుకో" అంది తేజస్వి. కోడలు కావ్య తలూపింది.

బాలనర్సమ్మకు, ఒకప్పుడు ఊళ్లో తను కిందికి దింపించిన గాలయ్య గుర్తొచ్చాడు. కాళ్లు ఇలాగే ఉబ్బి, నెలల తరబడి గోడకు ఆనుకునే నిద్రపోయిన గాలయ్య. నేల మీద పడుకోబెట్టగానే ఆమె మణికట్టు పట్టుకుని లేవబోయాడు. "జీవి కొట్టుకుంటాంది, గట్టిగ పట్టుండ్రి" అని, అది ప్రాణం పోయే తండ్లాటే అనుకుని తనే అంది. భుజాలు తను అదిమింది, కాళ్లు పక్కింటి శివమ్మ పట్టుకుంది.

నర్సు ఆ మాట చెప్పిన సాయంత్రం నుంచే, ఎప్పుడో పోయిన గాలయ్య రావడం మొదలుపెట్టాడు. తర్వాత పట్టపగలే వచ్చేవాడు. గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. తిట్టడు, అడగడు. ఒక్కసారైనా పడుకోడు. ఆమె దగ్గితే అతనూ దగ్గేవాడు. కావ్య అక్కడ ఊడుస్తుంటే "కాళ్లకు తాకుతది, సూస్కో" అనేది బాలనర్సమ్మ. ఎవరి కాళ్లకో కావ్యకు అర్థమయ్యేది కాదు. ముసలామె భయమంతా ఒక్కటే. నోట మాట రాని రోజున, తను నేర్పిన పనే ఊరు తనకూ చేస్తుంది.

ఆ రోజు రానే వచ్చింది. ఎండ నడినెత్తిన ఉండగా ఆయాసం ముంచుకొచ్చింది, పెదాలు నల్లబడ్డాయి. ఇంట్లో సిగ్నల్ లేక, నర్సుకు ఫోన్ చేయడానికి కావ్య వీధిలోకి పరిగెత్తింది. ఇంతలో ఇల్లంతా జనం. శివమ్మ ముందుకొచ్చి అరికాళ్లు తాకింది.

"సల్లవడ్డయ్. ఇగ కింద పండవెట్టుండ్రి."

అచ్చం బాలనర్సమ్మ గొంతే. నలుగురు పట్టి ఆమెను దించారు. వీపుకు గచ్చు తగిలింది. ఛాతీ మీద బరువు ఎక్కి కూర్చుంది. ఆమె శివమ్మ మణికట్టు పట్టుకుని లేవబోయింది.

"జీవి కొట్టుకుంటాంది. గట్టిగ పట్టుండ్రి" అంది శివమ్మ, ఏడుస్తూనే.

గడప దగ్గర గాలయ్య తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఇడువుండ్రి! లేవట్టుండ్రి!" కావ్య జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అత్తను లేపి కూర్చోబెట్టి, వెనక తను కూర్చుని ఆమె వీపుకు తన వీపు ఆనించింది. "మా అత్తమ్మ పోతే కూసోనే పోతది. ఎవ్వలు ముట్టొద్దు!"

ఊపిరి ఒక్కో గుక్కగా తిరిగొచ్చింది. వాకిట్లో నర్సు బండి ఆగేసరికి బాలనర్సమ్మకు మాట వచ్చింది.

"శివమ్మా" అంది గడప వైపు చెయ్యి చూపించి, "గాలయ్యకు దిండు వెట్టవే. గిన్నొద్దులు కూసోని కూసోని నడుం గుంజుతాంది ఆయనకు."

అక్కడ ఎవరూ లేరు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. శివమ్మ మాత్రం తన రెండు చేతులనూ చూసుకుంది. తర్వాత మంచం మీది దిండొకటి తీసుకెళ్లి, గడప పక్కన గోడకు ఆనించింది.

అందరూ చూస్తుండగానే దిండు మధ్యలో మెల్లగా గుంట పడింది.