వీపు మీది జిప్పు

ఈ రోజు నా మొదటి స్కూబా డైవింగ్ సామాను తెచ్చుకున్నాను. ఐర్లండ్‌లో మేముండే కార్క్ ఊళ్ళోని ఆ షాపు లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. ఓనరు సంచి గుమ్మం బయట పెట్టి, దూరంగా జరిగి చెయ్యి ఊపాడు. ఇక్కడి సముద్రం చలికి తట్టుకునే హుడ్, మందపాటి గ్లౌజులు, నీళ్ళు లోపలికి రానివ్వని డ్రైసూట్.

లాక్‌డౌన్‌కు ముందు నేనూ నా భార్య గ్రేసూ కలిసే పూల్‌లో డైవింగ్ నేర్చుకున్నాం. తను నర్సు. ఇప్పుడు కోవిడ్‌తో బెడ్‌రూమ్‌లో ఒక్కతే ఉంటోంది.

ఇంటికి రాగానే ఆ గది తలుపు ముందే సూట్ తొడుక్కున్నాను. జిప్పు వీపు మీద ఉంది. ఎంత మెలి తిరిగినా చెయ్యి అందలేదు.

"సరిపోయిందా అండీ?" లోపల్నించి అడిగింది గ్రేసు.

"సరిపోయింది గానీ జిప్పు పడట్లేదు. వెనకుంది."

"అది పక్కనున్నోళ్ళు వెయ్యాలండీ. నేనొచ్చాక వేస్తాలే."

ఆ రెండు మాటలకే దగ్గు తెర అందుకుంది. నేను తలుపుకి ఆనుకుని నేల మీద కూలబడ్డాను. చాలాసేపటికి దగ్గు ఆగింది.

"వెళ్ళిపోయారా?"

"లేదు, ఇక్కడే ఉన్నా."

ఆ జిప్పు ఎవరికి వాళ్ళే వేసుకునే ఉపాయం మీలో ఎవరికైనా తెలిసే ఉంటుంది. దయచేసి నాకు మాత్రం చెప్పకండి.